గోబర్ గ్యాస్ తగ్గిందా, కారుతోందా? తమ్ముడి బీరు కెగ్గు నేర్పిన పరీక్ష

వీడియో పైన ఉంది. చూసే తీరిక లేనివాళ్ళకీ, చూశాక మళ్ళీ వివరంగా కావాల్సినవాళ్ళకీ ఇక్కడ రాస్తున్నాను. వీడియోలో చెప్పడం మర్చిపోయినవి కూడా ఇందులో ఉన్నాయి.

భోగి ముందు రోజు మా ఇంట్లో అరిసెలు. అమ్మ బెల్లం పాకం పెట్టింది. పాకం ముదురుకొచ్చే టైముకి స్టౌ మంట నీలం నుంచి పసుపుకి తిరిగి, రెండుసార్లు ఎగిరి, టప్పున ఆరిపోయింది. మా ఆవిడ గబగబా పెరట్లోకి పరిగెత్తి మూడు రాళ్ళ పొయ్యి వెలిగించేలోపు పాకం కాస్తా గట్టిపడి గిన్నెకి అతుక్కుపోయింది. ఆ గిన్నె ఇప్పటికీ సరిగా తోమబడలేదు.

అమ్మ పెద్దగా ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే లేచి కట్టెలు మాత్రం కొట్టించుకుంది. అమ్మకి పొగ పడదు, రెండేళ్ళ కింద దగ్గు తిరగబెట్టినప్పుడే ఈ గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టించాను. అందుకే ఆ కట్టెల చప్పుడు నాకు బాగా గుచ్చుకుంది.

మాది ఒంగోలుకు పడమటగా ఉన్న చిన్న ఊరు. మూడు ఆవులు, ఒక బర్రె, ఒక దూడ. ప్లాంటు దీనబంధు మోడల్, 2 క్యూబిక్ మీటర్లది. అంటే డోమ్ నేలలో స్థిరంగా ఉంటుంది, పాతకాలపు ఇనప డ్రమ్ము లాగా పైకీ కిందకీ తేలదు. రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్ళు కలిపి పోయాలి. సరిగా నడిచినన్నాళ్ళూ రెండు పూటలా కలిపి సుమారు 4 గంటలు స్టౌ మండేది. డిసెంబరు నుంచి తగ్గుతూ తగ్గుతూ సంక్రాంతి నాటికి గంటన్నరకి వచ్చింది.

ముందు చూడాల్సింది లీకు కాదు

గ్యాస్ తగ్గగానే అందరం లీకు అనేస్తాం. గ్యాస్ తక్కువ పుట్టడం వేరు, పుట్టిన గ్యాస్ పోవడం వేరు. మొదటిదానికి మన ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళ ఇళ్ళలో ఒక ప్రత్యేక కారణం ఉంది: జీవామృతం. 200 లీటర్ల డ్రమ్ముకి 10 కిలోల పేడ తీస్తాం. ఘనజీవామృతం చేసే వారం అయితే ఇంకా ఎక్కువ. ఆ పేడ ఎక్కడ నుంచి వస్తుంది? ప్లాంటు వాటాలోంచే. కిలో పేడకి సుమారు 40 లీటర్ల గ్యాస్ లెక్క వేసుకోండి, పది కిలోలు తగ్గితే 400 లీటర్లు తగ్గినట్టే. అయితే ఆ తగ్గుదల అదే రోజు కనిపించదు. లోపల పేడ నెలకు పైగా మురుగుతుంది కాబట్టి మెల్లగా కనిపిస్తుంది. అందుకే మనకి లింకు తట్టదు.

రెండోది చలి. చలికి లోపలి సూక్ష్మజీవులు మందగిస్తాయి, గ్యాస్ కొంత తగ్గుతుంది. మూడోది, కొట్టం కడిగిన ఫినాయిల్ నీళ్ళు తొట్టిలోకి పోవడం. ఇది చాలా ఇళ్ళలో జరుగుతుంది, ఎవరూ ఒప్పుకోరు. నేను మా ఆవిణ్ణి అడిగితే ‘‘ఫినాయిల్ కొని ఎన్నేళ్ళయింది మనం?’’ అని నన్నే తిరగేసింది.

నేను రెండు వారాలు తూకం వేసి మరీ పేడ పోశాను. 50 కిలోలకి తగ్గలేదు. మా ప్రాంతం చలి 4 గంటల మంటని గంటన్నర చేసేంత చలి కాదు. కాబట్టి పోతోంది. ఎక్కడ?

మేస్త్రిని పిలిచాను. ఆయన వచ్చి చుట్టూ తిరిగి ‘‘డోమ్ పగిలిందండీ. మొత్తం ఖాళీ చేసి లోపల మళ్ళీ ప్లాస్టరింగ్ చెయ్యాలి. పద్దెనిమిది వేలు’’ అన్నాడు. ఎక్కడ పగిలింది అంటే చూపించలేదు. వాల్వు దగ్గర పరీక్షించడానికని జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. అరుగు మీద కూర్చున్న అమ్మ అంత దూరం నుంచి వేసిన కేకకి పెట్టె కింద పడేశాడు. అగ్గిపుల్లతో లీకు చూసే అలవాటు ఇంకా మన ఊళ్ళలో ఉంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య కలిస్తే అంటుకునేది మంటలా అంటుకోదు, పేలుతుంది. దయచేసి ఆ పని చెయ్యొద్దు, ఎవర్నీ చెయ్యనివ్వొద్దు.

పోర్ట్‌లాండ్ నుంచి ఫోను

పండగ రోజు మా తమ్ముడు వీడియో కాల్ చేశాడు. సొంత తమ్ముడు కాదు, బాబాయి కొడుకు. అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో ఉంటాడు. అమ్మ అరిసెల సంగతి చెప్పగానే వాడు నవ్వి, ‘‘పెద్దమ్మా, నాకూ ఇదే గోల. నా గ్యాస్ కూడా రాత్రికి రాత్రి మాయమైపోయేది’’ అన్నాడు.

వాడికి ఇంట్లో బీరు కాచుకునే పిచ్చి. అక్కడ అది చట్టబద్ధమే. 1978లో వాళ్ళ ప్రభుత్వం చట్టం చేసింది, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి కాచుకోవచ్చు, అమ్మకూడదు. మన దగ్గర లైసెన్సు లేకుండా కాయడం నేరం. కాబట్టి ఆ పని ఎవర్నీ చెయ్యమని నేను చెప్పడం లేదు. నాకు పనికొచ్చింది వాడి లీకుల వేట. అది మాత్రం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే గ్యాస్ అనేది ఏదైనా పోయే దారులు అవే.

వాడు బార్లీ మాల్ట్‌తో కాచి పులియబెట్టిన బీరుని 19 లీటర్ల స్టీలు క్యాన్లలో పోస్తాడు. వాటిని కెగ్గులంటారు. ఒకప్పుడు కూల్‌డ్రింకుల కంపెనీలు సిరప్ పంపడానికి వాడిన క్యాన్లే అవి. పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, దాని మీద రెగ్యులేటరు, అక్కణ్ణుంచి గొట్టం, గొట్టం చివర కెగ్గుకి బిగించే క్లిప్పు. గ్యాస్ నెట్టుతుంటే బీరు కుళాయిలోంచి వస్తుంది, నురగా ఉంటుంది. సిలిండరులో ఉండేది 5 పౌండ్లు, అంటే రెండుంపావు కిలోల గ్యాస్. నెలల తరబడి రావాలి. వాడికి మొదట్లో వారానికి ఒకటి ఖాళీ అయ్యేది.

‘‘మీటరు చూస్తుండలేదా?’’ అని అడిగాను. మీటరు చూస్తే తెలియదట. సిలిండరులో కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉంటుంది. చివరి చుక్క ద్రవం ఉన్నంతవరకూ మీటరు 800 పీఎస్‌ఐ పైచిలుకే చూపిస్తుంది, ద్రవం అయిపోయాక ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే వాడు సిలిండరుని తూకం వేస్తాడు. ఖాళీ బరువు సిలిండరు మీదే చెక్కి ఉంటుంది. ఇవాళ తూచి, రెండు రోజులాగి మళ్ళీ తూస్తే లీకుందో లేదో కాటా చెప్పేస్తుంది.

ఉందని తేలాక ఎక్కడో వెతకాలి. వాడు మొత్తం అంతా సబ్బు నీళ్ళు చల్లడు. ముక్కలుగా విడగొడతాడు. ముందు కెగ్గుని తీసేసి, సిలిండరు నుంచి గొట్టం చివరిదాకా గ్యాస్ నింపి, సిలిండరు వాల్వు కట్టేసి, ముల్లు చూస్తాడు. ముల్లు పడితే లీకు సిలిండరు, రెగ్యులేటరు, గొట్టం ఈ మూడింటిలోనే ఉంది. ఎక్కువసార్లు సిలిండరుకీ రెగ్యులేటరుకీ మధ్య ఉండే వాషరు దగ్గరే దొరుకుతుందట, లేకపోతే గొట్టం బిగించే క్లిప్పు దగ్గర. ముల్లు కదలకపోతే దోషం కెగ్గుది. కెగ్గులో ఉండేవి ఐదు రబ్బరు రింగులు: మూతకి ఒక పెద్దది, గ్యాస్ పోయే ముక్కుకీ బీరు వచ్చే ముక్కుకీ పైన ఒకటీ లోపలి గొట్టం మెడ చుట్టూ ఒకటీ. ముక్కుల్లో స్ప్రింగు పిన్నులుంటాయి, వాటికింద చిన్న చెత్త ఇరుక్కున్నా గ్యాస్ పోతూనే ఉంటుంది. మూతకి ప్రెషరు వదిలే చిన్న వాల్వు కూడా ఉంటుంది, అదో దారి.

ఇక్కడ వాడు చెప్పిన ఒక మాట నాకు భలే నచ్చింది. మూత రింగు తక్కువ ప్రెషరులోనే ఎక్కువ కారుతుందట. మూత లోపలి వైపు నుంచి కూర్చుంటుంది కాబట్టి, లోపల ప్రెషరు పెరిగితే అదే మూతని పైకి నొక్కి సీలు చేస్తుంది. అందుకే వాడు మూత పెట్టగానే ఒకసారి 30 పీఎస్‌ఐ దాకా కొట్టి, మూత కూర్చున్నాక తగ్గిస్తాడు. రింగులకి తిండి వస్తువులకి వాడే సిలికాన్ గ్రీజు రాస్తాడు. ఎండిన రింగు ఎంత బిగించినా కారుతుంది.

ఇంకోటి. మొదటి కెగ్గు పెట్టినప్పుడు వాడు గ్యాస్ నింపి వాల్వు కట్టేసి పడుకున్నాడు. పొద్దున్నే చూస్తే ప్రెషరు సగానికి పైగా పడిపోయింది. రెండు రోజులు రింగులన్నీ మార్చి మార్చి వెతికాడు. అసలు లీకే లేదు. చల్లటి బీరు ఆ గ్యాస్‌ని తనలోకి పీల్చుకుంది, అంతే! ‘‘అన్నయ్యా, ప్రెషరు పడితే లీకనే అనుకోకు. ప్రెషరు కదలడానికి ఇంకేమన్నా కారణం ఉందా అని ముందు అడుక్కో’’ అన్నాడు. ఆ మాట విలువ నాకు మూడో రోజు తెలిసింది.

మీటరు: మేస్త్రి లెవల్ ట్యూబే

మా ప్లాంటుకి మీటరు లేదు. తమ్ముడు చెప్పినట్టు చేసుకున్నాను. మేస్త్రులు మట్టం చూసే పారదర్శకమైన ట్యూబు ఉంటుంది కదా, అది రెండున్నర మీటర్లు తీసుకుని ఒక చెక్కకి U ఆకారంలో కొట్టాను. రెండు కాళ్ళూ మీటరుకు పైగా ఉండాలి. సగం దాకా నీళ్ళు, కనబడ్డానికి చిటికెడు కుంకుమ. ఒక చివర స్టౌకి వెళ్ళే గొట్టం దగ్గర ఒక టీ బిగించి కలిపాను, రెండో చివర గాలికి వదిలేశాను. గ్యాస్ ఒక కాలులో నీళ్ళని కిందకి నెడుతుంది, రెండో కాలులో పైకి లేస్తాయి. రెండు మట్టాల మధ్య తేడా ఎన్ని సెంటీమీటర్లో అంత ప్రెషరు. చాలామంది ఒక కాలు ఎంత లేచిందో అంతే చూస్తారు, అది సగమే వస్తుంది. వీడియోలో 4వ నిమిషం దగ్గర స్కేలు పెట్టి చూపించాను.

తమ్ముడి కెగ్గు 12 పీఎస్‌ఐ మీద నడుస్తుంది. నీటి ఎత్తులో చెప్పాలంటే 8 మీటర్లకు పైనే. మనది నిండా ఉన్నప్పుడు కూడా మీటరు లోపే. కాబట్టి మన లీకులు బుస్సుమని అరవవు. సబ్బు రాసి అర నిమిషం ఓపిగ్గా చూడాలి.

మొదటి రోజు పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టాను. డోమ్ మీది మెయిన్ వాల్వు తెరిచి, స్టౌ నాబ్ కట్టేసి ఉంచితే మీటరు 24 సెంటీమీటర్లు చూపింది. మెయిన్ వాల్వు కట్టేసి కూర్చున్నాను. పడలేదు, పెరిగింది! అరగంటకి 38. గ్యాస్ ఏమన్నా పైపులోనే పుడుతోందా అనిపించింది. వాల్వు సరిగా మూసుకోవడం లేదేమో అని ఇంకాస్త బిగించాను. అది కూడా జరుగుతుంది, గేటు వాల్వు లోపల కారుతుంటే డోమ్ నుంచి గ్యాస్ వస్తూ లైను లీకుని కప్పేస్తుంది. కానీ వాల్వు బాగానే ఉంది. సాయంత్రం ఫోన్‌లో చెప్తే తమ్ముడు ఒకటే అడిగాడు: ‘‘పైపు ఏ రంగు? ఎండ పడుతుందా?’’

నల్ల పైపు. గోడ మీదుగా ఆరు మీటర్లు ఎండలోనే ఉంది.

కట్టేసిన పైపులో గ్యాస్ 10 డిగ్రీలు వేడెక్కితే మన మీటరులో 30 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. చల్లబడితే అంతే తగ్గుతుంది. అంటే పొద్దున్న చేస్తే లీకున్నా లేనట్టు, సాయంత్రం చేస్తే లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకని ఈ పరీక్ష తెల్లవారుజామున, వెలుగు రాకముందే చెయ్యాలి. దీపం కాదండోయ్, టార్చి లైటు.

మర్నాడు నాలుగున్నరకి లేచి మళ్ళీ చేశాను. 24 నుంచి పావుగంటలో 14కి పడింది. దొరికింది అనుకున్నాను.

సబ్బు నీళ్ళకి బదులు నేను కుంకుడు రసం వాడాను. చిక్కగా పిసికి, నురగ తీసి, గోడలకి రంగు వేసే చిన్న బ్రష్షుతో రాశాను. నురగ చాలాసేపు నిలుస్తుంది. స్టౌ వెనక రబ్బరు గొట్టం నాజిల్‌కి ఎక్కిన చోట బుడగలు. గొట్టం వేడికి గట్టిపడి వెంట్రుకంత చీలింది. ఇంకోటి, లైనులో నీళ్ళు వదిలే టీ దగ్గర మర. గోబర్ గ్యాస్‌లో తేమ ఉంటుంది, అది చల్లబడి పైపులో నీరు చేరుతుంది, అందుకే పల్లంలో ఈ టీ పెడతారు. దాని మూత మరకి టేపు చుట్టలేదు. గొట్టం మార్చి, మరకి టెఫ్లాన్ టేపు చుట్టి, మర్నాడు మళ్ళీ నాలుగున్నరకి చూస్తే 24 అలాగే నిలబడింది. అరగంట కదల్లేదు.

సంబరపడి అమ్మకి చెప్పేశాను. అక్కడే తొందరపడ్డాను. ఆ సాయంత్రం స్టౌ మండింది గంటన్నరే.

లెక్క వేస్తే తెలిసింది

తమ్ముడు ఫోన్‌లోనే లెక్క వేశాడు. ‘‘నీ పైపు 20 మీటర్లు, లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు. అందులో పట్టేదే ఆరు లీటర్ల పైచిలుకు. 10 సెంటీమీటర్లు పడింది అంటే అందులో నూటికి ఒక వంతు పోయింది. పావుగంటలో 60 మిల్లీలీటర్లు. చిన్న టీ గ్లాసు కూడా కాదు. రోజంతా కలిపినా 10 లీటర్లు దాటదు. నీకు పోతున్నది వెయ్యి లీటర్లకు పైన కదా అన్నయ్యా.’’

ఇది రాసుకోండి. మీటరు గబగబా పడిపోయినా, కొలిచే చోటు చిన్నదైతే లీకు చిన్నదే. అయితే వంటింట్లో చిన్న లీకు కూడా ఉండకూడదు, తలుపులు మూసిన గదిలో రాత్రంతా చేరుతుంది. కాబట్టి ఆ రిపేరు వృథా కాదు. కానీ నా గ్యాస్ దొంగ అది కాదు.

ఇక మిగిలింది డోమ్. డోమ్‌కి మీటరు ఆల్రెడీ ఉంది, మనం చూడం. అదే స్లర్రీ బయటికి వచ్చే తొట్టి. లోపల గ్యాస్ పెరిగితే స్లర్రీని నెట్టుతుంది, తొట్టిలో మట్టం లేస్తుంది. గ్యాస్ వాడితే దిగుతుంది. రాత్రి వంట అయ్యాక మెయిన్ వాల్వు కట్టేసి, తొట్టి గోడ మీద బొగ్గుతో గీత పెట్టండి. తెల్లారి చూడండి. మా ప్లాంటు కొత్తలో తెల్లారేసరికి స్లర్రీ పై కన్నం దాకా వచ్చి పొర్లేది. ఇప్పుడు నాలుగు వేళ్ళు లేచి ఆగింది. మెయిన్ వాల్వు కట్టేసి ఉంది కాబట్టి లైనుకి దీనితో సంబంధం లేదు.

ఎంత లేచి ఆగింది అన్నది కూడా కబురే. డోమ్ గోడలో కొంత కిందుగా పగులుంటే, లోపలి స్లర్రీ ఆ పగులు మీద ఉన్నంతసేపూ అది మూసుకునే ఉంటుంది. గ్యాస్ పెరిగి స్లర్రీ పగులు కిందకి దిగగానే గ్యాస్ పోవడం మొదలవుతుంది. అలాంటప్పుడు కాసేపు బాగానే లేచి, రోజూ ఒకే గీత దగ్గర ఆగిపోతుంది. అసలు మొదట్నుంచీ లేవడానికే కష్టపడుతుంటే లీకు పైన, డోమ్ నెత్తి దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. మాది రెండో రకం లాగా ఉంది.

డోమ్ నెత్తి మీద మట్టి తవ్వి తీశాను. గ్యాస్ పైపు డోమ్‌లోంచి పైకి వచ్చే చోటు చుట్టూ జానెడు గట్టు కట్టి, అందులో కుంకుడు నీళ్ళు పోశాను. పది సెకన్లు ఏమీ లేదు. తర్వాత పైపుకీ సిమెంటుకీ మధ్య నుంచి, అన్నం ఉడికేటప్పుడు గంజి కుతకుతలాడినట్టు బుడగలు. ఒక పక్కన కాదు, పైపు చుట్టూ ముప్పావు వంతు. వీడియోలో 11వ నిమిషం. శబ్దం కూడా వినిపిస్తుంది.

పైపు పట్టుకుని కదిపితే కదిలింది.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను పైపుకి చుట్టి ఉన్న పలుపు ముక్క వైపు చూశాను. దసరా తర్వాత ఈనిన ఆవు దూడని, పాలు తీసేటప్పుడు తల్లికి కనబడేలా ఉంటుందని, నేనే ఆ పైపుకి కట్టేవాణ్ణి. రెండు పూటలా. అది తల్లి కోసం గుంజుతుంటే ముచ్చటగా ఉందని ఫోటో కూడా తీశాను. నవంబరులో కట్టడం మొదలు, డిసెంబరులో గ్యాస్ తగ్గడం మొదలు. మేస్త్రిని ఎన్ని మాటలనుకున్నానో అన్నీ వెనక్కి తీసుకున్నాను, అగ్గిపెట్టె సంగతి తప్ప.

రిపేరు

ముందు ఒక హెచ్చరిక. మేస్త్రి ‘‘ఖాళీ చేసి కుర్రాణ్ణి దింపుదాం’’ అన్నాడు కదా. స్లర్రీ తీసేసినా లోపల మీథేన్, కార్బన్ డయాక్సైడ్, కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి, ఊపిరికి చాలినంత గాలి ఉండదు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది. వాసన రావడం లేదు కాబట్టి ఏమీ లేదు అనుకోకండి. ఒకడు పడిపోతే కాపాడ్డానికి దిగినవాడు కూడా పోతాడు. డోమ్ లోపలి పగులే అయితే గాలి పంపే ఏర్పాట్లూ, పరీక్షించే సాధనాలూ ఉన్న అనుభవజ్ఞులే చెయ్యాలి. మీరు దిగొద్దు, కూలీని దింపొద్దు.

నాది పైన కాబట్టి బయట నుంచే అయింది. మెయిన్ వాల్వు తర్వాత పైపు విప్పి, వాల్వు పూర్తిగా తెరిచి, గ్యాస్ ఆకాశంలోకి వదిలేశాను. మనసొప్పలేదు. మీథేన్ వేడిని పట్టి ఉంచడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైనే, పొయ్యిలో కాలిస్తేనే నయం. కానీ కింద నుంచి గ్యాస్ తోస్తుంటే ఏ సిమెంటూ పట్టదు, తడి మీద బుడగలు దారి చేసుకుంటాయి. వారం రోజులు ఆ చుట్టుపక్కలకి బీడీ, దీపం, వెల్డింగు ఏదీ రానివ్వలేదు. పేడ పొయ్యడం కూడా ఆపాను.

పైపు చుట్టూ ఉలితో రెండు అంగుళాల లోతు గాడి తీశాం. సుత్తి మెల్లగా, నిప్పురవ్వ లేవకుండా గాడి మీద నీళ్ళు చల్లుతూ. వైరు బ్రష్షుతో పైపు తుప్పు రుద్ది, కడిగి, ఆరబెట్టి, గాడి అడుగున ఎంసీల్ గట్టిగా కూరాం. అది గట్టిపడ్డాక నీరు పట్టని మందు కలిపిన సిమెంటు మాలు, ఆపైన పైపు కదలకుండా అడుగు వెడల్పున కాంక్రీటు దిమ్మె. ఆరు రోజులు తడి గోనె కప్పాను. మేస్త్రే చేశాడు, అదే మేస్త్రి. కూలీతో కలిపి రెండు వేల లోపే అయింది.

ఏడో రోజు వాల్వు కట్టాను. గట్టు కట్టి కుంకుడు నీళ్ళు పోస్తే ఒక్క బుడగ లేదు. పేడ పొయ్యడం ఆపాను కాబట్టి గ్యాస్ కోలుకోవడానికి ఇంకో పది రోజులు పట్టింది. మొదట వచ్చిన గ్యాస్‌ని వెంటనే వెలిగించలేదు. గాలి కలిసి ఉంటుందని పెరట్లో కాసేపు బయటకి వదిలాకే స్టౌకి ఇచ్చాను.

ఇప్పుడు తెల్లవారుజామున మీటరు 78 సెంటీమీటర్లు చూపిస్తోంది. తొట్టిలో స్లర్రీ పై కన్నం దాటి పొర్లి కాలువలో పడుతోంది, అది నేరుగా కంద మడికి వెళ్తుంది. స్టౌ నాలుగు గంటలకి కాస్త తక్కువ మండుతోంది. మునుపటంత రాలేదు, ఆ తేడా ఎక్కడుందో ఇంకా వెతుకుతున్నాను. మెయిన్ వాల్వు తిప్పే కాడ దగ్గర రెండు నిమిషాలకి ఒక బుడగ వస్తోంది, దాని లోపలి ప్యాకింగు మార్చాలి. ఈ గ్యాస్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్ ఇత్తడిని తినేస్తుంది కాబట్టి మూడు నాలుగేళ్ళకి వాల్వు ఎలాగూ చూసుకోవాల్సిందే.

తమ్ముడికి ఆ బుడగల వీడియో పంపాను. వాడు తిరిగి వాడి కెగ్గు ఫోటో పంపాడు. గ్యాస్ ముక్కు కింద నురగ, దాని మీద చిన్న బుడగ. ‘‘నిన్న రాత్రి మళ్ళీ మొదలైంది అన్నయ్యా’’ అని రాశాడు. పక్కన వాళ్ళ కాటా, దాని మీద సిలిండరు.

దూడకి వేప చెట్టు కింద వేరే గుంజ పాతాను. అమ్మ మిగిలిన కట్టెల్ని కొట్టంలో పేర్పించింది. ‘‘ఉండనీరా, ఎటు పోతాయి’’ అంది.